అటక మీద గురువారాలు

ఆదివారంలోగా ఖాళీ చెయ్యమన్నాడు షాపు ఓనరు.
రేకు పీకి స్లాబు వేస్తాడట.
నరసన్నపేట మెయిన్ రోడ్డులో
ఇంకా రేకు కప్పున్న కొట్టు మాదొక్కటేనట,
ఆయన పరువు పోతోందట.

ఇస్త్రీ బల్ల మీద స్టూలు,
స్టూలు మీద నేను,
దాని కాళ్ళు పట్టుకుని కింద అసిరయ్య మావ.
రెండు కళ్ళకీ పొర కమ్మి మూడేళ్ళయింది.
పట్టు మాత్రం వదల్లేదు,
స్టూలుదీ, షాపుదీ.

తల దూర్చగానే తెలిసింది
ఇది అటక కాదు, అట్ల పెనానికి లోపలి వైపు.
వంగితే వీపుకి రేకు,
లేస్తే మాడుకి రేకు.
పదకొండింటికే ఇలాగుంటే
మిట్టమధ్యాహ్నం ఇక్కడ బొద్దింకలు
కాపురం ఎలా చేస్తున్నాయో!

మొదట దొరికింది ఎలకల ఇల్లు.
ఎర్ర లైనింగు, పచ్చ పైపింగు, మధ్యలో రవ్వంత జరీ.
అంత ఒద్దికైన పని
మా షాపులో నేనెప్పుడూ చూళ్ళేదు.

తరవాత కట్టలు.
కుట్టించుకుని తీసుకెళ్ళనివి.
గుండుసూది తుప్పులో ఒక్కో చీటీ,
చీటీ మీద మావ రాత:
జలుమూరు దాలమ్మ, జాకెట్లు రెండు, గురువారం.
పోలాకి మేస్టారు, ఫేంటు, గురువారం.
బుడితి పెళ్ళివారు, గురువారం, తప్పదు.
ఎవరడిగినా గురువారమే చెప్పేవాడు మావ.
అవన్నీ ఇక్కడ దాచాడన్నమాట.

"మెకానిక్ షాపు గుంటడు కేజీ పన్నెండుకి తీసుకుంటాడు మావా,
గ్రీజు తుడుచుకోడానికి."
"ముందు నా సేతికియ్యి."

జారవిడుస్తాను.
అంచుని బొటనవేలితో ఒక్కసారి రుద్దుతాడు.
"ఇది దాలమ్మది. ఎడం బుజం కిందకుంటాది దానికి,
బిందెలన్నీ ఆ పక్కనే మోసీది. పారీకు."
"ఇది మేస్టారిది. రిటైరయిపోయి పంచెల్లోకి దిగిపోనారు. పోనీ."
"మరి పెళ్ళివారివి?"
మావ మాటాడలేదు.
నేను రెండోసారి అడగలేదు.

కొలతల పుస్తకాలు ఏడు.
చెదలు అంచులు తినేసి అంకెలు వదిలేశాయి.
ఒకావిడ నడుము
ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది,
పక్కన పెన్సిలుతో "వదులుగా",
ముప్ఫై మూడు,
మళ్ళీ ఇరవై తొమ్మిది,
అయిదేళ్ళు దాటాక ఇరవై నాలుగు.
ఆ పైన పేజీ ఖాళీ.
మొగుడికన్నా ముందు మా పుస్తకానికే తెలిసేవి
కొన్ని కబుర్లు.
టేపుకి నోరు లేదు గనక సరిపోయింది.

చిట్టచివర, దూలం మూల,
న్యూసు పేపర్లో చుట్టిన నీలం గళ్ళ చొక్కా.
చెమట చేత్తో చీటీ తుడిస్తే సగం చెరిగింది.
కళింగపట్నం ఎర్రయ్య. వీరావల్ ఎల్తన్నాడు. బేగి.
కాలరుంది, చేతులున్నాయి,
బీడీకట్ట పట్టేలా జేబు కూడా ఉంది.
కాజాలు లేవు.

అంచు రుద్దకుండానే మావకి తెలిసిపోయింది,
పేపరు చప్పుడికి కాబోలు.
"పడవ మీదకి కొత్త సొక్కా కావాలన్నాడమ్మీ.
రైలు బుదారం.
నాను గురువారం అన్నాను."

రోడ్డు మీద ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"మళ్ళీ రాలేదా?"
"ఆళ్ళావిడొచ్చింది, రెండేళ్ళకి.
అడ్వాన్సు ఎనక్కిచ్చీసినాను.
సొక్కా ఊసు ఆవిడా ఎత్తలేదు, నానూ ఎత్తలేదు."

మూడు గోతాలు మెకానిక్ గుంటడి సైకిలెక్కాయి.
పెళ్ళివారి కట్ట ఎటు పోయిందో నేను చూడలేదు,
మావ కూర్చున్న గోనెపట్టా మాత్రం కాస్త ఎత్తయింది.

దుమ్ము తుమ్ములింకా ఆగకముందే
నీలం దారం ఎక్కిస్తుంటే అన్నాడు:
"మిషను మీద వొద్దు."
చేత్తో కుట్టాను, ఆరు.
ఒక్కొక్కటీ వేలు పెట్టి చూశాడు,
వేలు దూర్చి, తిప్పి, ఆగి.
"మూడోది ఒంకర."

బ్లేడు వెతుక్కుంటుంటే
గోడ వైపు తిరిగి అడిగాడు:
"ఇయాల ఏ వారమే?"
బుధవారం, అన్నాను.
మూడో కాజా విప్పి
మళ్ళీ మొదలెట్టాను.